దూత కాలి కింద మొహం

జూన్ 4

ఆసుపత్రిలో అమ్మ మార్చుకోవడానికి బట్టలు తెద్దామని తమ్ముడి ఇంటికి వెళ్లాను. అమ్మ మంచం పక్కన స్టూలు ఉంది. స్టూలు మీద కారిన కొవ్వొత్తి మరక ఉంది. మిఖాయేలు దూత లేడు.

"దూత ఏడిరా?" అని తమ్ముణ్ణి అడిగాను. వాడు నా మొహం చూడకుండా స్నానాల గదిలోకి పోయాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ఇబ్బందైన ప్రశ్న అడిగితే వాడికి స్నానం గుర్తొస్తుంది. మరదలు తడి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"విగ్రహం ఇంట్లో ఉండకూడదన్నది నేనే వదినా. ఏమన్నా అనాలంటే నన్ను అనండి."

"అంటే పగలగొట్టేశారా?"

తల దించుకుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఈవిడది పూర్తి అంగీకారమే.

పాత చర్చి పడగొట్టినప్పుడు చెత్తలో పోతుందని నాన్న భుజాన వేసుకుని మోసుకొచ్చిన విగ్రహం అది. నేను నడక నేర్చుకున్నది ఆ కాలు పట్టుకుని. అమ్మ రోజూ పొద్దున్నే ఆ కాలు తాకి "మిఖాయేలు నాయనా, పిల్లల్ని చూసుకో" అనకుండా మంచినీళ్లు కూడా తాగదు. విగ్రహాలు వద్దనే సంఘం నుంచి కోడలుగా వచ్చి పట్టుమని నాలుగేళ్లు కాలేదు, ఈవిడకి మా దూత విగ్రహమైపోయాడు. అమ్మ భుజం విరిగి ఆసుపత్రిలో పడుంటే, ఆ సందు చూసుకుని చేసిన పని. తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక దుప్పటి మూట కనిపించింది. పట్టుకోగానే నాకు తెలిసిపోయింది. ఎవరినీ అడగలేదు, ఎత్తుకొచ్చేశాను. ఇంటికొచ్చి విప్పితే రెక్కలు, కత్తి పట్టిన చెయ్యి, తల, కాలు అన్నీ ఉన్నాయి. గోరంత ముక్కల్ని కూడా పాత గుడ్డపేలికల్లో విడివిడిగా చుట్టి పెట్టారు. పాపం చేసి దాచుకోవడంలో కూడా ఎంత పొందికో మహాతల్లికి!

జూన్ 5

నాకు కోపం లేదు. రాసి పెట్టుకుంటున్నాను, నాకు కోపం లేదు.

జూన్ 7

ముక్కలన్నీ ల్యాబ్‌కి తెచ్చి నా బల్ల మీద పరిచాను. పళ్ల సెట్లు చేసే చోట ప్లాస్టర్‌కీ మైనానికీ కొరతా? ఊళ్లో వాళ్ల దవడల అచ్చులు అరల నిండా వరసగా పెట్టి ఉంటాయి. వాటి మధ్య మిఖాయేలు తల పెడితే, దవడలన్నీ నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నట్టు ఉంది.

పక్క బల్ల మీద పళ్లకి మెరుగు పెట్టే మామ (అందరికీ ఆయన పాలిష్ మామే) వచ్చి తొంగిచూశాడు.

"ఈయనకేం పళ్లు ఊడాయమ్మా?"

"ఒళ్లంతా ఊడింది మామా. ఊడగొట్టారు."

"ఎవరు?"

"ఉన్నార్లే ఒకరు."

నా పళ్లు నూరుడు ఆయనకి వినిపించినట్టుంది. "మెల్లిగా నూరమ్మా, ఈ ల్యాబ్‌లో చేసినవి అమ్ముతాం గానీ మనవి మనకి ఉచితంగా రావు" అని పోయాడు.

దూత ముక్కలు దాదాపు అన్నీ ఉన్నాయి. ఆయన కాలితో తొక్కిపట్టి ఉంచే సైతాను మొహం మాత్రం పిండి పిండి అయిపోయింది. మెడ దాకా ఉంది, పైన ఏమీ లేదు.

జూన్ 10

అమ్మని ఇంటికి పంపించారు. కుడి చెయ్యి మెడకి కట్టి ఉంది. మంచం మీద కూర్చోబెట్టగానే ఎడమ చెయ్యి దానంతటది స్టూలు వైపు పోయింది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. కాసేపు ఆ చెయ్యి అలాగే ఉంచి, మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

అరిచినా బాగుండేది. మరదలు దిండు సర్దుతూ "నొప్పిగా ఉందా అత్తయ్యా" అని ఎంత మెత్తగా అడిగిందంటే, పుండు మీద కారం చల్లి విసనకర్రతో విసిరినట్టు ఉంది నాకు.

"అమ్మా, నా దగ్గరికి వచ్చెయ్" అన్నాను చెవిలో.

"చూద్దాంలే" అంది అమ్మ.

ఆ మాటకి అర్థం నాకు తెలుసు. వాళ్ల ఎదురుగా పైకి చెప్పలేక అంది. సరే. నేనే తీసుకొస్తాను. మిఖాయేలుని ముందు నిలబెట్టి, వాళ్లందరి కళ్ల ముందూ తీసుకొస్తాను.

జూన్ 11

ఇంట్లో రెండో గది ఖాళీ చేశాను. కుట్టుమిషను బయటికి పెట్టాను. కిటికీ పక్కన మంచం, తలవైపు చిన్న బల్ల. చెయ్యి చాపితే దూత కాలు అందాలి. కొలిచి పెట్టాను.

జూన్ 13

ఇవాళ మాటా మాటా పెరిగింది. అమ్మ నిద్రపోయాక వంటింట్లో అడిగేశాను.

"మేం విగ్రహాన్ని పూజిస్తామని నీకెవరు చెప్పారు? గౌరవిస్తాం. అంతే. నువ్వు నీ మొగుడి ఫోటోకి ముద్దు పెట్టుకుంటే కాగితాన్ని పెళ్లాడినట్టా?"

"ఫోటోని నేను ఏమీ అడగను కదా వదినా" అంది, గిన్నె తోముతూనే.

"మేం మాత్రం ఏం అడుగుతాం? మా తరఫున దేవుడికి చెప్పమంటాం. పక్కింటావిడని ప్రార్థన చెయ్యమని నువ్వు అడగవా?"

"అడుగుతాను. కానీ ఆవిడ ముందు కొవ్వొత్తి పెట్టను. బైబిల్లో దూతే స్వయంగా నా కాళ్ల మీద పడొద్దు, నేనూ సేవకుణ్ణే అన్నాడు కదా వదినా."

నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది కానీ చూడు, ఎక్కడెక్కడివో తీసి చేతిలో పెడుతుంది! "నువ్వు నాకు బైబిలు చెప్పేదానివి అయ్యావా" అని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే మంచి జవాబులు వరసగా వచ్చాయి. దిగేటప్పుడే వస్తాయవి, పాడు జవాబులు.

జూన్ 16

తల అతుక్కుంది. రెక్కలు అతుక్కున్నాయి. పని మొదలుపెట్టే ముందు రోజూ ఆయన ముందు కొవ్వొత్తి వెలిగించి కాసేపు కూర్చుంటున్నాను. మనసుకి బాగుంటోంది.

ఆయన్ని ఏం అడుగుతున్నానో రాయను. న్యాయమే అడుగుతున్నాను.

జూన్ 17

నీ కత్తి ఉన్నది అలంకారానికా?

జూన్ 19

ఏమీ జరగలేదు. ఆవిడ నిక్షేపంగా ఉంది. ఫోన్‌లో నవ్వు కూడా వినిపించింది.

అమ్మ అలిగినప్పుడల్లా ఆయన్ని గోడవైపు తిప్పేసేది. "పిల్లకి జ్వరం తగ్గేదాకా నా మొహం చూడకు" అని. జ్వరం తగ్గగానే మళ్లీ ఇటు తిప్పి, మీసాలు లేని ఆ మొహాన్ని కొంగుతో తుడిచి, "కోప్పడ్డాను, ఏమనుకోకు నాయనా" అనేది. ఇవాళ నేనూ తిప్పాను. పని జరిగేదాకా మళ్లీ ఇటు తిప్పను.

జూన్ 21

మరదలికి పన్ను నొప్పిట! రాత్రంతా నిద్ర లేదుట!

మిఖాయేలుని ఇటు తిప్పాను. పెద్ద కొవ్వొత్తి కొన్నాను.

జూన్ 23

డాక్టరుగారు మరదలి పన్ను చూసి, లోపల బాగుచేసి, పైన క్యాప్ వెయ్యాలన్నారట. దవడ అచ్చు తీసి ల్యాబ్‌కి పంపారు. ఏ బల్ల మీదకి? నా బల్ల మీదకే.

ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక అచ్చు విడదీశాను. మరదలి పళ్లు. ముందు వరసలో పన్ను మీద పన్ను. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేది అందుకే. ఆ అచ్చుని చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అడిగింది ఇచ్చాడు మిఖాయేలు. ఎలా వాడుకోవాలో కూడా తోపించాడు.

సైతానుకి మొహం లేదు కదా. మొహం పెడతాను.

జూన్ 24

మైనంలో చెక్కుతున్నాను. తెరుచుకున్న నోరు, వరస పళ్లు, పన్ను మీద పన్ను. నొక్కుకుపోయిన చెంప. చిన్న గడ్డం. అచ్చు ఎదురుగా పెట్టుకున్నా కుదరట్లేదు. చెక్కడం, కరిగించడం, మళ్లీ చెక్కడం. ఎన్నిసార్లు చెక్కినా సైతానులా రావట్లేదు, ఎవరో నవ్వబోతున్నట్టు వస్తోంది. కనుబొమలు దింపి, పెదవి వంకర తిప్పితే కొంచెం దారికొచ్చింది.

పాలిష్ మామ అద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. "ఎక్కడో చూసినట్టు ఉందే ఈవిణ్ణి?"

"సైతాను అందరికీ తెలిసినవాడే మామా."

"వాడు అన్నావు. ఈవిడ ఆడమనిషిలా ఉంది."

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటాలే. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నువ్వేమో నోళ్లు చేసే మనిషివి" అని గొణుక్కుంటూ పోయాడు. ఈ మనిషికి సామెతలు చెప్పే జబ్బు ఉంది.

మరదలి క్యాప్ ఎప్పటికి అవుతుందని డాక్టరుగారు ఫోన్ చేశారు. పని ఎక్కువగా ఉందని చెప్పాను. ముందు సైతాను పళ్లు, తర్వాత మనుషుల పళ్లు. కాస్త నొప్పి పడితే ఏం పోయింది? మా అమ్మ పడట్లేదా?

జూన్ 25

తమ్ముడు ల్యాబ్‌కి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. గుమ్మంలో నిలబడి తేలు కుట్టిన దొంగలా చెప్పులకేసి చూస్తున్నాడు. గబగబా గుడ్డ తీసి దూత మీద కప్పాను.

"అక్కా, నీకో మాట చెప్పాలి. ఆ విగ్రహం సంగతి..."

"పెళ్లాం తరఫున రాయబారానికి వచ్చావా?"

"అది కాదక్కా. ముందు విను."

"వినేదేం లేదు. మీ ఇంట్లో ప్రార్థన కూటం ఎప్పుడు?"

"ఈ ఆదివారం. పాస్టరుగారు వస్తున్నారు. ఎందుకు?"

"ఊరికే."

ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు. వాడి మొహం చూస్తే జాలేసింది. చిన్నప్పుడు అద్దం పగలగొట్టి కూడా సరిగ్గా ఇలాగే నిలబడ్డాడు. పెళ్లాం చేసిన పనికి వీడు మొహం చెల్లక తిరుగుతున్నాడు.

జూన్ 26

దీవెన ఇప్పిద్దామని చర్చికి వెళ్లాను. దూతని తీసుకెళ్లలేదు, ఫాదర్‌ని ల్యాబ్‌కి రమ్మందామని. ఫాదర్ మొక్కలకి నీళ్లు పోస్తున్నారు. పైపు పక్కన పెట్టకుండానే విన్నారు.

"బాగుచేశావా! నీ చేతులు చల్లగుండ. అమ్మ సంతోషిస్తుంది. నువ్వు ఆయన్ని ఏం అడుగుతున్నావమ్మా?"

అంత సూటిగా అడుగుతారనుకోలేదు. "న్యాయం అడుగుతున్నా ఫాదర్."

"ఎవరి మీద?"

చెప్పాను. అన్నీ కాదు. చెప్పాల్సినవి చెప్పాను.

ఆయన పైపు కట్టేశారు. "అమ్మా, పునీతుల్నీ, సన్మనస్కులైన ఈ దూతల్నీ మనం గౌరవిస్తాం. మనకోసం దేవుణ్ణి అడగమంటాం. అంతవరకే. నువ్వు ఆయన్నే చెయ్యమంటున్నావు, అదీ నీకు కావలసినట్టు. ఆయనకా అధికారం లేదు. సైతానుతో నేరుగా తగువొచ్చినప్పుడు కూడా మిఖాయేలు తన నోటితో ఒక్క తిట్టు తిట్టలేదు, తెలుసా? దేవుడే చూసుకుంటాడని ఊరుకున్నాడు."

"అందుకే లోకం ఇలా ఉంది ఫాదర్" అన్నాను.

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మనసు కుదుటపడ్డాక పిలువు, తప్పకుండా వచ్చి దీవిస్తాను" అన్నారు.

అక్కర్లేదు. దీవెన లేకపోయినా పని చేస్తాడు. పన్ను నొప్పి ఎవరు తెప్పించారు మరి?

జూన్ 27

రంగులు అయిపోయాయి. దూతకి నీలం అంగీ, బంగారు రెక్కలు. సైతానుకి ఎర్రటి మొహం, తెల్లటి పళ్లు. ఆ పైకెక్కిన పన్ను మీద మాత్రం రంగు కాకుండా మా ల్యాబ్‌లో పళ్లకి వేసే పూతే వేశాను. మెరుస్తోంది. వ్యాను మాట్లాడాను. అమ్మకి కొత్త దుప్పటి కొన్నాను.

రేపు. తాడో పేడో.

జూన్ 28

జరిగింది జరిగినట్టు రాయాలి. రాయకపోతే రేపు నేనే వేరేగా చెప్పుకుంటాను.

తలుపు తీసే ఉంది. హాలు నిండా చాపల మీద జనం. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. ఆమెన్ అనేదాకా ఆగాను, నాకు మర్యాద తెలుసు. అప్పుడు వ్యాను అబ్బాయి, నేను కలిసి దూతని తెచ్చి హాలు మధ్యలో దించాం. దుప్పటి లాగేశాను.

ఎవరో "అయ్యో దేవా" అన్నారు. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని, "సహోదరీ, ఇది ప్రార్థన జరుగుతున్న చోటు" అన్నారు.

"ఇది మా అమ్మ ఉండే చోటు కూడా అయ్యా. ఆవిడ వస్తువు ఆవిడకి తెచ్చాను."

మరదలు మంచినీళ్ల గ్లాసులున్న పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. బుగ్గ వాచి ఉంది. ముందు దూతని చూసింది. తర్వాత ఆయన కాలి కింద చూసింది. పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టింది. మెల్లిగా చెయ్యెత్తి నోరు మూసుకుంది.

నిజం రాస్తాను. ఆ చెయ్యి నోటి మీదకి పోవడం చూసి నా కడుపు చల్లబడింది. ఇన్నాళ్లూ దేనికోసం కాచుకుని కూర్చున్నానో అది అదే.

అమ్మ హాలు మూలనున్న తన మంచం మీద నుంచి పిలిచింది. "దగ్గరికి తీసుకురండి. నాకు సరిగ్గా కనిపించట్లేదు. కళ్లజోడేది?"

కళ్లజోడు ఎక్కడుందో నాకు తెలియదు. మరదలికి తెలుసు. దిండు కింద నుంచి తీసి, తుడిచి, అమ్మ చెవులకి తగిలించి, పక్కకి జరిగింది. మేం దూతని మంచం దగ్గరికి జరిపాం.

అమ్మ పైనుంచి చూసుకుంటూ వచ్చింది. రెక్కలు చూసింది, కత్తి చూసింది. "ఎంత బాగా అతికావే" అంది, నాకు ఏడుపొచ్చింది. ఎడమ చెయ్యి అలవాటుగా దూత కాలి మీదకి వెళ్లింది. కాలు తాకకుండానే ఆగిపోయింది. కిందకి దిగింది. ఆ మొహం మీద వేలు పెట్టి, ఆ పన్నుని తడిమింది.

"ఇది నా కోడలు" అంది.

చాపల మీది జనం మెడలు చాచి చూశారు.

"కాదమ్మా, సైతాను..."

"నాకు చెప్తావేంటే? రోజుకి మూడు పూటలా చెంచాతో నాకు పెడుతోంది. నేను నోరు తెరవాలని తనూ 'ఆ' అని తెరుస్తుంది, పసిపిల్లకి పెట్టినట్టు. ఈ పన్ను నాకు తెలియదా?"

"ఆయన్ని పగలగొట్టింది తనేగా!"

"పగలగొట్టింది నీ తమ్ముడు."

వాడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈసారి స్నానాల గదిలోకి పోలేదు.

"కొవ్వొత్తి వెలిగించబోయి ఆయన ముందే కదా నేను పడ్డాను. 'రోజూ కాలు పట్టుకుంటే మా అమ్మని పట్టుకోలేకపోయాడు, వీడెందుకు' అని వాడే ఎత్తి కొట్టాడు. కొట్టి ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నీకు చెప్తానన్నాడు, ధైర్యం చాల్లేదు కాబోలు. ముక్కలు ఎవరు ఏరారనుకున్నావు?"

పేలికలు గుర్తొచ్చాయి. గోరంత ముక్కల్ని కూడా విడివిడిగా చుట్టిన పేలికలు.

"విగ్రహం వద్దన్నది నేనే అత్తయ్యా" అంది మరదలు, చెయ్యి తియ్యకుండానే. "ఆ మాట నిజమే. ఇప్పటికీ వద్దనే అంటాను."

"వద్దంటే వద్దనే అను. దాన్ని ఎవరు కాదన్నారు? నా వస్తువని దాచి పెట్టావు కదా." అమ్మ ఆ ఎర్రటి చెంపని అరచేత్తో తుడిచింది. కొత్త రంగు కొంచెం ఆ చేతికి అంటుకుంది. "నా కోడలి మొహం మీద ఎవరి కాలూ ఉండటానికి వీల్లేదు. దూత కాలైనా సరే. తీసుకుపో ఇక్కణ్ణుంచి."

"నీకోసమే చేశానమ్మా! నీ దూతని నీకు తెచ్చిద్దామని..."

"ఇన్నేళ్లు నేను ఆయన్ని ఏం అడిగానే? పిల్లల్ని చూసుకో నాయనా అన్నాను. అలిగినా దానికే అలిగాను. నువ్వేం అడిగావు?"

అందరూ నన్నే చూస్తున్నారు. పాస్టరుగారు ఏదో చెప్పబోతే అమ్మ "మీరుండండి బాబూ, ఇది మా ఇంటి గొడవ" అంది. ఆయన ఉండిపోయారు.

"నేను దండం పెట్టుకున్నది ఈయనకి కాదే. ఈయన్ని నువ్వు చేసుకున్నావు. నీ దేవుడు నీ దగ్గరే ఉండనీ."

"మరి నువ్వు? నాతో రావా? గది సర్దాను. కిటికీ పక్కన మంచం..."

"ఇప్పుడు కాదులే" అంది అమ్మ. ఈసారి "చూద్దాంలే" కూడా అనలేదు.

వ్యాను అబ్బాయి ఈ గొడవ చూసి ఎప్పుడో కిందకి జారుకున్నాడు. దుప్పటి కప్పి ఒక్కదాన్నే గుమ్మం దాకా ఈడ్చాను. మెట్ల దగ్గర లేవలేదు. అప్పుడు రెండో వైపు ఎవరో ఎత్తారు. చూస్తే మరదలు. సైతాను మొహం ఉన్న వైపు. ఆ మొహం ఆవిడ కడుపుకి ఆనుకుని ఉంది. నేను వెనక్కి నడుస్తున్నాను, ఆవిడ నా ఎదురుగా.

"వదలండి వదినా" అంటుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, నాకు తిట్లు బాగా వచ్చు.

"జాగ్రత్త వదినా, రెక్క గోడకి తగులుతోంది" అంది. మూడంతస్తులు దిగాం.

జూన్ 29

పనికి వెళ్లలేదు.

జూన్ 30

అమ్మ కోసం సర్దిన గదిలో మిఖాయేలు ఉన్నాడు. కొత్త దుప్పటి మడత విప్పలేదు. ఆయన ఆ గదిలో ఎందుకో బాగా పొడుగ్గా కనిపిస్తున్నాడు. తలుపు వేసేశాను.

నాకు ఇంకా కోపంగానే ఉంది. ఎవరి మీదో రాద్దామని కూర్చున్నాను. తమ్ముడి మీద రాద్దామంటే వాడు ఏడ్చాడుట. అమ్మ మీద రాయలేను. ఫాదర్ మీద రాద్దామంటే మొక్కలకి నీళ్లు పోసుకునే మనిషి.

జూలై 2

ల్యాబ్‌కి వెళ్లగానే మరదలి క్యాప్ పట్టుకున్నాను. పొద్దున్నుంచి అదే పని. పక్క పంటి రంగుకి సరిపోయేదాకా వదల్లేదు. మెరుగు పెట్టమని పాలిష్ మామకి ఇచ్చాను.

"చాలా శ్రద్ధగా చేశావే! ఎవరిది?"

"మా మరదలిది."

"ఓహో" అని ఒక్క మాట అన్నాడు. సామెత చెప్పలేదు. ఈ మనిషికి కూడా తెలిసిపోయిందన్నమాట.

క్యాప్ డాక్టరుగారి దగ్గరికి పంపించాక, దవడ అచ్చు మిగిలింది. పని అయిపోయిన అచ్చుల్ని పగలగొట్టి పారేస్తాం. దీన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, పగలగొట్టకుండా పేలిక చుట్టి అరలో వెనక్కి పెట్టాను. ఎందుకో నాకే తెలియదు.

జూలై 5

చెంప వాపు తగ్గిందిట. తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, వస్తావా?" అన్నాడు. వస్తానని గానీ రానని గానీ అనలేదు. "అమ్మ అడుగుతోంది" అన్నాడు. అమ్మ అడిగిందో, వాడే అన్నాడో.

జూలై 12

ఆదివారం. చర్చికి వెళ్లొచ్చి ఆ గది తలుపు తీశాను. మిఖాయేలుతో మాట్లాడదామని కూర్చుంటే ఏమీ రాలేదు. "పిల్లల్ని చూసుకో నాయనా" అని అమ్మ మాటే అని చూశాను. నాకెవరు పిల్లలు? అయినా అన్నాను.

తర్వాత చెక్కే కత్తి తెచ్చి, సైతాను మొహాన్ని తీసేశాను. ముందు ఆ పన్ను, తర్వాత వరస, తర్వాత చెంప. అమ్మ వేళ్లు తాకిన చోట రంగు చెరిగి ఉంది, అక్కడ చెక్కేటప్పుడు చెయ్యి ఆగింది. చివరికి మెడ మీద ఏమీ లేకుండా చదును చేశాను.

కానీ దూత కాలి కింద ఎవరూ లేకపోతే, ఆయన గాలిని తొక్కుతున్నట్టు పిచ్చిగా ఉంది. ఎవరో ఒకరు ఉండాలి. మైనం కరిగించాను. ఈసారి చెక్కబోయే మొహానికి ఎదురుగా పెట్టుకోవడానికి అచ్చు లేదు కదా. స్నానాల గదిలోంచి అద్దం తెచ్చి గోడకి ఆనించి పెట్టుకున్నాను.

కనుబొమలు దింపక్కర్లేదు. పెదవి వంకర తిప్పక్కర్లేదు. పళ్లు కూడా నూరుకుని సిద్ధంగానే ఉన్నాయి. మరదలి మొహం పట్టుబడటానికి ఎన్నిసార్లు చెక్కి కరిగించానో. ఇది మొదటిసారికే కుదిరింది.